టిక్కక్క లెక్కపెట్టని జనం

ఏడేళ్ళు ఒకే కుర్చీలో కూచుని ఒకే పని చేసిన మనిషికి, ఆ పని ఎందుకు చేస్తోందో ఒక సోమవారం పొద్దున తెలిసింది. ఆవిడ పేరు మాత్రం అడక్కండి, ఆ వీధిలో ఎవరూ అడగలేదు. అందరికీ ఆవిడ టిక్కక్క.

ముందు ఆ వీధి సంగతి చెప్పాలి. బండ్లు రాని వీధి అది. ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచే పోవాలి. కిందంతా బూడిద రంగు రాళ్ళు పరిచారు. రెండు వైపులా బట్టల షాపులు, చెప్పుల షాపులు, గొడుగుల కింద బల్లలేసిన హోటళ్ళు, మధ్యలో ఎగిరెగిరి పడే నీళ్ళు, చివరన మూడు తెరల సినిమా హాలు. కొనడానికొచ్చే వాళ్ళు కొందరు, తినడానికొచ్చే వాళ్ళు కొందరు, ఇంట్లో ఏమీ తోచక వచ్చే వాళ్ళు ఇంకొందరు. లోపలికి నాలుగు గేట్లు. మొదటి మూడూ పెద్ద రోడ్ల వైపు, అద్దాలతో, పూలకుండీలతో ధగధగలాడిపోతుంటాయి. నాలుగోది వెనకాల. అది దాటి లోపలికొస్తే ఒక సన్న సందు, అందులో ఎనిమిది బుల్లి దుకాణాలు. తాళాలు చేసే ఆయన, వాచీలు బాగుచేసే ఆయన, పగిలిన ఫోన్ల అద్దాలు మార్చే ఆయన, ఒక చిన్న బేకరీ, ఇట్లాంటివన్న మాట. గేటు పక్కనే మొదటి దుకాణం టిక్కక్క వదినది, అంటే ఆవిడ మొగుడికి స్వయానా అక్కది. ప్యాంట్లు పొట్టి చేయడం, చొక్కాలు బిగించడం, జిప్పులు మార్చడం ఆవిడ పని. కుట్టు మిషను ఎంత గట్టిగా చప్పుడు చేస్తుందో ఆవిడ నోరు అంతకంటే ఒక మెట్టు ఎక్కువ.

నాలుగో గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో టిక్కక్క కూచునేది. చేతిలో గుండ్రటి స్టీలు మిషను, గుప్పెట్లో ఇమిడిపోతుంది. బొటనవేలితో పైన నొక్కితే టిక్కుమంటుంది, చిన్న కిటికీలో అంకె ఒకటి పెరుగుతుంది. లోపలికొచ్చిన మనిషికో టిక్కు. గంట గంటకీ ఆ అంకె కాగితం మీద రాసి, మళ్ళీ సున్నాకి తిప్పి, సాయంత్రం ఏడింటికి ఆ వీధిని నడిపే కంపెనీ ఆఫీసులో కాగితం ఇచ్చేసి ఇంటికి పోవాలి. అంతే పని. నాలుగో తరగతితో బడి మానేసిన మనిషికి అంతకంటే మంచి ఉద్యోగం ఎవరిస్తారు చెప్పండి?

ఆ లెక్క దేనికో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఆవిడా అడగలేదు. ఒకసారి మొగుణ్ణి అడిగితే, ఆయన సినిమా హాలు దగ్గర టికెట్లు చింపే మనిషి, పగలబడి నవ్వి, "ఎంత మందొస్తే అన్ని బాత్రూములు కడగాలి కదే, అందుకు" అన్నాడు. ఆవిడ అదే నమ్మింది. ఏడేళ్ళూ అదే నమ్మింది.

ఆ సోమవారం పొద్దున గేటు స్తంభానికి ఒక కాగితం అంటించి ఉంది. టిక్కక్క అక్షరాలు కూడబలుక్కుంటూ ఉంటే వదిన వచ్చి పక్కకి నెట్టి గడగడా చదివేసింది. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి నాలుగో గేటు మూసేస్తారట. సందులో దుకాణాలన్నీ నెలాఖరుకి ఖాళీ చెయ్యాలట. సందుకి అడ్డంగా గోడ కట్టి, దాని మీద పెద్ద బొమ్మల తెర పెడతారట.

"ఏంటిది? ఎవడు అంటించాడిది?" అని వదిన అరిచిన అరుపుకి వాచీల ఆయన చేతిలో పట్టకారుతో సహా బయటికొచ్చాడు.

తాళాల మావయ్య కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు. ఆయన ఎవరికీ మావయ్య కాదు, అందరికీ మావయ్యే. "ఇరవై రెండేళ్ళమ్మా నేనిక్కడ," అన్నాడు మెల్లగా. "నెలాఖరంటే ఇంకా పద్దెనిమిది రోజులు."

టిక్కక్క వదిన దుకాణం వైపు చూసింది. వదిన మొగుడు పోయాక ఆ కుట్టు మిషను మీదే ఇద్దరు ఆడపిల్లల్ని చదివించింది. చిన్నది ఇంకా చదువుతూనే ఉంది. ఆ దుకాణం లేకపోతే వదిన ఏం చేస్తుంది? ఇంట్లో కూచుని ఎవరి మీద అరుస్తుంది?

అందరూ కలిసి ఆఫీసుకి పోయారు. టిక్కక్క కూడా పోయింది, కుర్చీ మీద తువ్వాలేసి.

మేనేజరు మేడమ్ కొత్తగా వచ్చిన మనిషి. మర్యాదస్తురాలే, అందరికీ కుర్చీలేయించింది. కాకపోతే ఆవిడ కారు కింద బేస్‌మెంటులో ఆగుతుంది, లిఫ్టెక్కితే నేరుగా ఆఫీసు. నాలుగో గేటులోంచి ఒక్కసారి కూడా నడిచి రాలేదు. గోడ మీదున్న టీవీ పెట్టి చూపించింది. నాలుగు రంగుల స్తంభాలు. మూడు స్తంభాలు పైదాకా ఉన్నాయి. నాలుగోది కొట్టేసిన చెట్టు మోడులాగా అడుగునే ఉంది.

"చూడండి, మీ మీద నాకేం కోపం లేదు," అంది మేడమ్. "మొదటి గేటుకి రోజుకి నాలుగు వేల మంది. మీ గేటుకి ముప్పై ఎనిమిది మంది. ఏడేళ్ళ కింద మూడొందల పైన ఉండేది, ఏటేటా పడిపోతూ వచ్చింది. మనుషులే రాని దారి తెరిచి పెట్టి ఏం చేసుకోను?"

"ముప్పై ఎనిమిదా?" తాళాల మావయ్య లేచి నిలబడ్డాడు. "అమ్మా, నా దగ్గరికే రోజుకి ముప్పై మంది వస్తారు. అంటే మిగతా ఏడు దుకాణాలకీ కలిపి ఎనిమిది మందేనా? ఆ ఎనిమిది మందీ ఈ కుట్టుపనావిడ తిట్లు తినడానికే సరిపోతారే!"

వదిన కూడా నవ్వబోయి ఆపుకుంది. "అసలీ లెక్క ఎవరిచ్చారు మేడమ్? వాణ్ణి పిలిపించండి, నా ముందు చెప్పమనండి."

మేడమ్ వేలు పెట్టి చూపించింది. "ఎవరో ఎందుకు? మీ టిక్కక్కే."

ఎనిమిది మొహాలు గిర్రున తిరిగాయి. టిక్కక్క ఆ టీవీ వైపే చూసింది. బాత్రూముల కోసం కాదా ఇది? తను రోజూ సాయంత్రం ఇచ్చే ఆ చీటీ, ఆ చిన్న అంకె, ఈ టీవీలో ఈ మోడు అయి కూచుందా?

"మీరు చెప్పండి," అంది మేడమ్. "లెక్కలో ఏమన్నా తప్పుందా?"

ఇప్పుడు చూడండి మనిషి ఎట్లాంటిదో. ఏడేళ్ళలో ఆవిడ ఒక్క టిక్కు ఎక్కువ కొట్టలేదు, ఒక్కటి తక్కువ కొట్టలేదు. దగ్గొచ్చినా, తుమ్మొచ్చినా బొటనవేలు కదలనిచ్చేది కాదు. ఆవిడకున్న ఒకే ఒక్క గర్వం అది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"తప్పు ఉండదండి. ఒక్క మనిషి తేడా రాదు."

వదిన ఆవిడ వైపు చూసిన చూపు టిక్కక్క ఇంతకు ముందెప్పుడూ చూడలేదు. అది కోపం కూడా కాదు. ఎవరో దారినపోయే మనిషిని చూసినట్టు చూసి, లేచి వెళ్ళిపోయింది.

టిక్కక్క మళ్ళీ వచ్చి తన కుర్చీలో కూచుంది. ఎక్కడికి పోతుంది, డ్యూటీ కదా. మిషను గుప్పెట్లో పెట్టుకుని గేటు వైపు చూస్తూ ఉంది. ఒక కొత్త జంట, ఎటు పోవాలో తెలియక పైకీ కిందకీ చూస్తూ వచ్చారు. టిక్కు, టిక్కు. తర్వాత పక్క ఆస్పత్రి నర్సులు నలుగురు, భోజనాల టైముకి రోజూ ఈ దారినే పడి వస్తారు.

"అక్కా, తిన్నావా?"

"ఇంకా లేదమ్మా, మీరు పదండి," అని చెయ్యెత్తింది టిక్కక్క. అలవాటు ప్రకారం మిషను చెయ్యే. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే గాల్లో ఉండిపోయింది.

కిటికీలో అంకె చూసుకుంది. రెండు. కొత్త జంట ఇద్దరే. నర్సులు నలుగురూ లేరు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన రోజున అప్పటి సూపర్‌వైజరు, మీసాలాయన, ఒక్క మాట చెప్పాడు. "ఇక్కడ పనిచేసే మనవాళ్ళని కొట్టకు. బయటి వాళ్ళనే కొట్టు." అంతే చెప్పి పోయాడు, మళ్ళీ నెల తిరక్కుండా ఉద్యోగమే మారిపోయాడు. ఆయన ఉద్దేశం ఊడ్చే వాళ్ళూ వడ్డించే వాళ్ళూ. టిక్కక్క ఆ మాట బుద్ధిగా పట్టుకుంది. ఊడ్చే వాళ్ళని కొట్టలేదు. తర్వాత వదిన దుకాణానికి వారం వారం వచ్చే టీచరమ్మ పరిచయమైంది. పరిచయమయ్యాక ఆవిడ మనమనిషి కాదా? కొట్టలేదు. కవల పిల్లల్ని చెరో చేత్తో లాక్కొచ్చే తల్లి, కుంటుతూ వచ్చి బేకరీలో రొట్టె కొనుక్కునే పెద్దాయన, కళ్ళజోడు పిల్ల, బ్యాంకు వాళ్ళు, నర్సులు. ఒక్కొక్కళ్ళే "బాగున్నావా అక్కా" అన్నారు, ఒక్కొక్కళ్ళే లెక్కలోంచి జారిపోయారు. బాగోగులు అడిగే మనిషిని టిక్కున కొట్టడం ఏం మర్యాద? అదేమన్నా సరుకా?

అంటే ఏటేటా పడిపోయింది జనం కాదు. ఏటేటా ఆవిడకి తెలిసిన వాళ్ళు పెరిగారు, అంతే.

టిక్కక్క తన బొటనవేలు చూసుకుంది. సందు గొంతు పిసికింది ఎవరో కాదు, ఈ బొటనవేలే.

ఆ సాయంత్రం వదిన దుకాణంలోకి పోయి నిలబడింది. మిషను గడగడా ఆడుతోంది. వదిన తల ఎత్తలేదు.

"వదినా, నేను మనవాళ్ళెవర్నీ లెక్కపెట్టలేదు."

మిషను ఆగింది. "మనవాళ్ళంటే?"

చెప్పింది. మొత్తం చెప్పింది, మీసాలాయన దగ్గర్నుంచి నర్సుల దాకా. చెప్తూ ఉంటే వదిన నోరు కొంచెం కొంచెం తెరుచుకుని అట్లాగే ఉండిపోయింది. ఆ నోటిలోంచి మాట రాకపోవడం టిక్కక్క జీవితంలో మొదటిసారి చూడటం. తిడితే బాగుండుననిపించింది.

ఆఖరికి వదిన అంది, "నన్ను కూడా కొట్టలేదా? పొద్దున్నే ఆ గేట్లోంచే కదా వస్తాను?"

"నువ్వు మా వదినవి కదా!"

వదిన రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "ఓసి నీ ప్రేమ పాడుగాను! ఇంత ప్రేమ ఎవడడిగాడే నిన్ను? రేపు పొద్దున్నే పోయి ఆ మేడమ్‌తో చెప్పు. ఉద్యోగం ఊడుతుంది, ఊడితే ఊడనీ. చెప్పకపోయావో, మా తమ్ముడి మొహం చూసి కూడా నీతో మాట్లాడను."

మర్నాడు పొద్దున టిక్కక్క మేడమ్ ముందు నిలబడి చెప్పింది. ఒక్క మాట దాచలేదు. మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"అంటే మీకు పరిచయమైన వాళ్ళెవరినీ లెక్కవెయ్యలేదు."

"లేదండి."

"ఏడేళ్ళు."

"అవునండి."

"నిన్న నేనడిగితే ఒక్క మనిషి తేడా రాదన్నారు!"

"రాదండి. బయటి వాళ్ళలో రాదు."

మేడమ్ లేచి కిటికీ దగ్గరికి పోయి కాసేపు అటు తిరిగి నిలబడింది. నవ్వుతోందో కోపంగా ఉందో వీపు చూస్తే ఏం తెలుస్తుంది? ఇటు తిరిగాక మొహం మామూలుగానే ఉంది. "ఆ సందు మీ బంధువులది. మీ మాట మీద నేను ఆర్డరు ఆపలేను. బయటి నుంచి ఒక అమ్మాయిని పెట్టి ఏడు రోజులు అందరినీ లెక్కపెట్టిస్తాను. రోజుకి నాలుగొందలు దాటితే గేటు ఉంటుంది. దాటకపోతే నన్నెవరూ మళ్ళీ అడగొద్దు. ఆ ఏడు రోజులూ మీరు ఆ ఛాయలకి కూడా రాకూడదు."

టిక్కక్క మిషను బల్ల మీద పెట్టేసింది. బొటనవేలి మీద ఏడేళ్ళ కాయ ఒకటి మిగిలింది.

ఆ ఏడు రోజులు ఇంట్లో ఎట్లా గడిచాయో ఆవిడకే తెలియాలి. బియ్యం కడుగుతూ బొటనవేలు నొక్కుతుంది. బట్టలారేస్తూ నొక్కుతుంది. మొగుడు చూసి, "ఏమే, నన్ను కూడా కొడుతున్నావా? నేను మనవాణ్ణే కదా" అని నవ్వించబోయాడు. ఆవిడ మొహం చూసి మళ్ళీ ఆ జోకు వెయ్యలేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఆవిడ నట్టింట్లో కూచుని తనకి తెలిసిన వాళ్ళని తలుచుకోవడం మొదలుపెట్టింది. నర్సులు మొత్తం ఇరవై రెండు మంది. బ్యాంకు వాళ్ళు తొమ్మిది. టీచర్లు ఆరుగురు, కాదు, కొత్తగా వచ్చిన లెక్కల టీచరుతో ఏడుగురు. గడపకి సుద్దముక్కతో గీతలు పెట్టుకుంటూ పోయింది. నూట అరవై దగ్గర ఆగిపోయింది. ఇంకెవరూ గుర్తు రావడం లేదు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. మళ్ళీ నూట అరవై.

"నూట అరవై, ముప్పై ఎనిమిది," అంది మొగుడితో. "రెండొందలు కూడా లేరు. అయిపోయింది. వదిన మిషను రోడ్డున పడ్డట్టే."

ఆయన లేచాడు. తడిగుడ్డ తెచ్చి గడప మీద గీతలు తుడిచేశాడు.

ఎనిమిదో రోజు ఆఫీసు నుంచి కబురొచ్చింది. సందు వాళ్ళంతా మళ్ళీ అవే కుర్చీల్లో కూచున్నారు. లెక్కపెట్టిన అమ్మాయి ఒక మూల నిలబడి ఉంది, ఎండకి మొహం కందిపోయి. టిక్కక్క తలుపు దగ్గరే నిలబడింది, కూచోమన్నా కూచోలేదు. మేడమ్ కాగితం చూసి చదివింది.

"ఏడు రోజుల సగటు. రోజుకి ఆరొందల పన్నెండు."

విన్నది నిజమేనా అన్నట్టు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. తాళాల మావయ్య, "మళ్ళీ చదవమ్మా" అన్నాడు.

"ఆరొందల పన్నెండు," అంది మేడమ్.

మూలనున్న అమ్మాయి నోరు తెరిచింది. "ఇంకా ఎక్కువే ఉంటారు మేడమ్. ప్రతివాళ్ళూ ఆగి 'టిక్కక్క ఏదీ, ఒంట్లో బాగాలేదా, ఎప్పుడొస్తుంది' అని నన్ను చంపుకు తిన్నారు. జవాబు చెప్పేలోపు నలుగురైదుగురు జారిపోయేవాళ్ళు. ఒక పెద్దాయన అయితే రోజూ రొట్టె ముక్క తెచ్చి, ఆవిడకివ్వమని కుర్చీ మీద పెట్టి పోయాడు."

టిక్కక్క గోడకి జారబడింది. ఆరొందలు. నూట అరవై దగ్గర ఆగిపోయిన మనిషికి మిగతా నాలుగొందల మందీ ఎవరో తట్టలేదు. వాళ్ళ మొహాలు ఆవిడకి గుర్తు రాలేదు, వాళ్ళు మాత్రం ఆవిడ గురించి అడిగారు. సంతోషమో సిగ్గో తెలియదు, తల దించుకుంది.

వాచీల ఆయన చప్పట్లు కొట్టాడు. వదిన కొట్టలేదు, కొంగుతో ముక్కు గట్టిగా చీదింది.

"గేటు ఉంటుంది," అంది మేడమ్. "కాకపోతే," అని టిక్కక్క వైపు తిరిగింది, "మిమ్మల్ని మళ్ళీ ఆ కుర్చీలో కూచోబెట్టలేనండి. నాలుగు గేట్లకీ పైన కెమెరా మిషన్లు బిగిస్తున్నాం. ఈ నెల జీతం పూర్తిగా ఇస్తాను. తప్పుగా అనుకోకండి."

అది ఆవిడ ముందే అనుకున్న మాటే. అయినా వినేసరికి కుడిచెయ్యి గుప్పెట బిగుసుకుంది, అందులో ఏమీ లేదు. "సరేనండి," అంది. ఇంకేమంటుంది?

మెట్లు దిగుతుంటే వదిన వెనకాలే వచ్చింది. వారం రోజుల తర్వాత మాట్లాడటం అదే.

"బొత్తాలు కుట్టడం వచ్చా?"

"వచ్చు."

"ఏం వచ్చి చచ్చింది? కిందటేడాది తమ్ముడి చొక్కాకి నువ్వు కుట్టింది చూశాలే, కాజా ఒక ఊళ్ళో, బొత్తాం ఒక ఊళ్ళో. నేర్పిస్తా. సోమవారం నుంచి రా. ఎనిమిదింటికల్లా ఉండాలి, ఊసులాడుకుంటూ గేటు దగ్గర నిలబడితే కాళ్ళిరగ్గొడతా."

సోమవారం పొద్దున వదినామరదళ్ళిద్దరూ కలిసే వచ్చారు. గేటు మీద కొత్త మిషను బిగించి ఉంది, నల్లటి కన్నుతో. దాని కింద చిన్న పలకలో ఎర్ర అంకెలు. టిక్కక్క మెడ పైకెత్తి చూస్తూ లోపలికి అడుగేసింది. చప్పుడేమీ లేదు, టిక్కు లేదు. పద్నాలుగు పదిహేనైంది. పదిహేనో మనిషి తనే. ఆవిడ అక్కడే నిలబడిపోయింది, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు.

వెనక్కి చూస్తే వదిన ఏదీ? లోపలికొచ్చింది, బయటికి పోయింది, మళ్ళీ లోపలికొచ్చింది, మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది. అంకె పదహారు, పదిహేడు, పద్దెనిమిది. చంకలో బట్టల మూటతో, ఆ వయసులో, పరేడు చేసినట్టు చేస్తోంది. తాళాల మావయ్య షట్టరు సగం ఎత్తి అట్లాగే చూస్తున్నాడు.

టిక్కక్క అదిరిపోయింది. "వదినా! ఏంటా పని? అది దొంగలెక్క!"

"నోర్ముయ్యవే. ఏడేళ్ళు నన్ను లెక్కపెట్టలేదు నువ్వు. అవన్నీ కలిపి ఇప్పుడు వేయించుకుంటున్నా."

"ఒక మనిషికి ఒక్కసారే వదినా! మేడమ్ చూస్తే ఏమనుకుంటుంది? రా లోపలికి!" అని టిక్కక్క కూడా గేటు దాటి పరిగెత్తి, బయటికి పోతున్న వదిన చెయ్యి దొరకబుచ్చుకుని లోపలికి లాగింది. ఆ లాగుడులో పైన ఎర్ర అంకె ఇంకో రెండు పెరిగింది.